ఒక చిరునామా – ఇరువది కంప్యూటర్లు

ఒక ఉన్నత పాఠశాలలోని కంప్యూటరు గదిని ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఆ గదిలో ఇరువది కంప్యూటర్లు కలవు. బయటినుండి వచ్చిన ఇంటర్నెట్ తీగ మాత్రము ఒక్కటే. ఇంటర్నెట్ సేవను అందించు సంస్థ ఆ పాఠశాలకు ఇచ్చిన చిరునామా కూడ ఒక్కటే. అయినను ఇరువదిమంది విద్యార్థులు ఒకే సమయమున ఇరువది వేర్వేరు పుటలు తెరచి చదువుకొనుచుందురు. ఒకరు కోరిన పుట మరియొకరి తెరమీదికి పోదు. ఇది ఎట్లు సాధ్యమగుచున్నది?

గది మూలలో దీపములు మిణుకుమనుచున్న చిన్న పెట్టె ఈ పని చేయుచున్నదని విద్యార్థులు చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని ఆ పెట్టె లోపల ఉన్నది కూడ ఒక కంప్యూటరే. 2002 చివర అమ్మకమునకు వచ్చి ఎన్నో ఇండ్లలో వాడబడిన లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టి54జి అను పెట్టెలో పనిచేసినది లినక్స్. నేటి పెట్టెలలో పెక్కింటియందును అదియే పనిచేయుచున్నది. కావున మూలపడిన పాత కంప్యూటరు ఒకటి, దానికి రెండవ నెట్‌వర్కు కార్డు ఒకటి ఉన్నచో, పెట్టె చేయు ఈ పనిని ఆ పాత కంప్యూటరుచేతనే చేయింపవచ్చును. ఆ పని ఎట్లు జరుగునో, దానిని ఏ వరుసలో అమర్చవలెనో, వరుస తప్పినచో ఏమి ముప్పు కలుగునో వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

గేట్‌వే అనగా నేమి?

ఇంటర్నెట్ అనునది ఒకే నెట్‌వర్కు కాదు. లెక్కకు మిక్కిలియైన నెట్‌వర్కుల కూడిక. ఒక నెట్‌వర్కులోని కంప్యూటర్లు తమలో తాము నేరుగా మాటలాడుకొనగలవు. వేరొక నెట్‌వర్కులోని కంప్యూటరుతో మాటలాడవలెనన్నచో, రెండింటికిని చెందిన యంత్రమొకటి నడుమ నిలువవలెను. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు నెట్‌వర్కులను ఒకదానితో నొకటి కలుపు విధానమును గూర్చి ఒక వ్యాసమును ప్రచురించిరి. అందు ఈ నడిమి యంత్రమును 'గేట్‌వే' అని పేర్కొనిరి. గేట్‌వే అనగా ద్వారము. పేరు సార్థకమైనదే.

1983 జనవరి 1వ తేదీన అర్పానెట్ అను నెట్‌వర్కు టిసిపి/ఐపి అను నియమావళికి మారెను. నేటి ఇంటర్నెట్ నడచుచున్నది ఆ నియమావళి మీదనే. అదే సంవత్సరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ విద్యాకేంద్రము విడుదల చేసిన 4.2బిఎస్‌డి అను యూనిక్స్‌లో ఈ నియమావళి చేర్చబడెను. యూనిక్స్ అనునది 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిట్చీ మున్నగువారు ప్రారంభించిన ఆపరేటింగ్ సిస్టము. దాని పోలికలతో తరువాత అనేక సిస్టములు వెలసినవి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్, బిఎస్‌డి వంశమునకు చెంది 1995లో ఆరంభమైన ఓపెన్‌బిఎస్‌డి ఈ కుటుంబములోనివి. ఈ రెండింటిని ఎవరైనను ఉచితముగా తెచ్చుకొని వాడుకొనవచ్చును. వీటిలో ఏది పెట్టినను, సామాన్యమైన కంప్యూటరు గేట్‌వే కాగలదు.

ప్యాకెట్టు ప్రయాణము

కంప్యూటర్లు పంపుకొను సమాచారము ఏకధారగా పోదు. అది చిన్న చిన్న ముక్కలుగా విభజింపబడును. ఒక్కొక్క ముక్కకు ప్యాకెట్టని పేరు. ప్రతి ప్యాకెట్టు మీదను, ఉత్తరపు కవరు మీద వలెనే, పంపినవారి చిరునామా, చేరవలసినవారి చిరునామా వ్రాసియుండును. ఒకే కంప్యూటరులో ఒకేసారి అనేక పనులు జరుగుచుండును గనుక, ఏ పనికి సంబంధించినదో తెలుపుటకు చిరునామాతోపాటు పోర్టు సంఖ్య యొకటి ఉండును. ఊరిలో ఇంటి నంబరు వంటిది చిరునామా. ఆ ఇంటిలోని గది నంబరు వంటిది పోర్టు.

ప్యాకెట్టును పంపునప్పుడు కంప్యూటరు తనను తాను ఒక ప్రశ్న వేసికొనును: "ఈ చిరునామా నా నెట్‌వర్కులోనిదేనా?" అవునన్నచో నేరుగా అందజేయును. కాదన్నచో దానిని గేట్‌వే చేతిలో పెట్టును. అటుపిమ్మట దారి ఏదో ఆ కంప్యూటరునకు తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. గేట్‌వే ఆ ప్యాకెట్టును తనకు తెలిసిన తరువాతి గేట్‌వేకు అందించును. ఇట్లు చేతులు మారుచు ప్యాకెట్టు గమ్యము చేరును. ప్రతి ప్యాకెట్టు మీదను ఒక ఆయుస్సంఖ్య కూడ ఉండును. దారిలోని ప్రతి గేట్‌వే దానిలో ఒకటి తగ్గించును. అది సున్న అయినచో ప్యాకెట్టు పారవేయబడును. ఈ ఏర్పాటు లేకున్నచో, దారి తప్పిన ప్యాకెట్లు రెండు గేట్‌వేల నడుమ అంతులేకుండ తిరుగుచుండెడివి.

ఒక కార్డునుండి వచ్చిన పరాయి ప్యాకెట్టును రెండవ కార్డుగుండ పంపివేయు ఈ పనికి 'ఫార్వర్డింగు' అని పేరు. కంప్యూటరునకు రెండు కార్డులు ఉన్నంతమాత్రమున అది ఈ పనికి పూనుకొనదు. తనది కాని ప్యాకెట్టును మామూలు కంప్యూటరు పారవేయును. 1989లో వెలువడిన ఇంటర్నెట్ ప్రమాణములలోనే ఒక కట్టుబాటు ఉన్నది: గేట్‌వే పని కూడ చేయగల కంప్యూటరులో ఆ పనిని నిలిపివేయు మీట ఉండవలెను, ఎవరును తాకనంతవరకు ఆ మీట మూసియే ఉండవలెను. లినక్స్‌లోను, ఓపెన్‌బిఎస్‌డిలోను ఆ మీట విలువ మొదట సున్న. దానిని ఒకటిగా మార్చినప్పుడే కంప్యూటరు గేట్‌వే యగును.

చిరునామాల కరవు

ఇంటర్నెట్ యొక్క నాల్గవ కూర్పు నియమములలో, అనగా ఐపివి4లో, చిరునామాకు 32 బిట్లు కలవు. ఒక్కొక్క బిట్టు సున్న గాని ఒకటి గాని కావచ్చును. కావున మొత్తము చిరునామాలు 429,49,67,296. ఆ నియమములు వ్రాసిన కాలమున ఇది తరుగని గనివలె తోచియుండును. కాని ఇండ్లలోను, పాఠశాలలలోను, జేబులలోను కంప్యూటర్లు వెలసిన నేటి కాలమునకు ఆ సంఖ్య చాలదు. ప్రపంచమంతటికి చిరునామాలు పంచు కేంద్ర సంస్థ తన వద్ద మిగిలిన కట్టలలో చివరివానిని 2011 ఫిబ్రవరి 3న పంచివేసినది.

ఈ కరవును నిపుణులు ముందుగనే పసిగట్టిరి. 1994లో చిరునామా మార్పిడి అను ఉపాయము ప్రతిపాదింపబడెను. దీనిని న్యాట్ అందురు. సొంత వాడుకకు ప్రత్యేకింపబడిన మూడు చిరునామాల వరుసలను గూర్చిన నేటి కట్టుబాటు 1996లో వెలువడెను. 10తో మొదలగునవి ఒక వరుస, 172.16 మొదలు 172.31 వరకు గలవి రెండవ వరుస, 192.168తో మొదలగునవి మూడవ వరుస. వీటిని ఎవరైనను తమ గోడల లోపల వాడుకొనవచ్చును. ఎవరి అనుమతియు అక్కరలేదు. అయితే ఇవి గోడ దాటి బయట చెల్లవు. ఒకే చిరునామా లక్ష పాఠశాలలలో ఉన్నప్పుడు, ఆ చిరునామాకు వ్రాసిన జవాబు ఏ పాఠశాలకు పోవలెను?

మన దేశమున విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించిన 1995 ఆగస్టు 15వ తేదీ ఈ రెండు సంవత్సరముల నడుమనే వచ్చినది. అనగా మన పాఠశాలలకు ఇంటర్నెట్ వచ్చునాటికే చిరునామాల కరవును, దానికి విరుగుడును రెండును పుట్టియుండినవి.

వార్డెను పుస్తకము

న్యాట్ ఎట్లు పనిచేయునో తెలియుటకు ఒక వసతిగృహమును తలచుకొనిన చాలును. అందలి విద్యార్థులు వ్రాసిన ఉత్తరములన్నియు వార్డెను చేతిమీదుగ పోవును. కవరు మీద విద్యార్థి వ్రాసిన గది నంబరును కొట్టివేసి, వసతిగృహపు చిరునామాను, తన పుస్తకములోని వరుస సంఖ్యను వార్డెను వ్రాయును. "62వ సంఖ్య – 7వ గదిలోని విద్యార్థి" అని పుస్తకమున గుర్తు పెట్టుకొనును. జవాబు "వసతిగృహము, 62" అని వచ్చును. వార్డెను పుస్తకము చూచి దానిని 7వ గదికి పంపును. తపాలా శాఖకు గదుల సంగతి తెలియదు. సంఖ్య లేక వచ్చిన ఉత్తరము ఎవరిదో వార్డెనుకును తెలియదు.

గేట్‌వే చేయునది సరిగా ఇదే. లోపలి కంప్యూటరు చిరునామా 192.168.50.23 అనుకొనినచో, అది 198.51.100.80 అను దూరపు కంప్యూటరునకు తన 51000వ పోర్టు నుండి ఒక ప్రశ్న పంపును. గేట్‌వే యొక్క బయటి చిరునామా 203.0.113.5 అని భావింపవలెను. (బయటివైన ఈ రెండు చిరునామాలు ఉదాహరణములకొఱకే కేటాయింపబడిన వరుసలలోనివి.) గేట్‌వే ఆ ప్యాకెట్టు మీదినుండి 192.168.50.23, 51000 అను గుర్తులను తీసివేసి, 203.0.113.5, 62001 అని వ్రాయును. తన పట్టికలో ఈ జతను నమోదు చేసికొనును. ప్యాకెట్టు చెడలేదని తెలుపు సరిచూపు సంఖ్యను మరల లెక్కకట్టి బయటికి పంపును. 62001కి జవాబు వచ్చినప్పుడు పట్టికను చూచి, చేరవలసిన చిరునామాను 192.168.50.23, 51000గా మార్చి లోపలికి పంపును. పోర్టు సంఖ్యకు 16 బిట్లు కలవు. అనగా 65,536 సంఖ్యలు. ఇరువది కంప్యూటర్లకు ఇవి ధారాళముగా చాలును.

పట్టికలోని నమోదులు శాశ్వతముగా ఉండవు. సంభాషణ ముగిసినట్లు తెలిసినచో గేట్‌వే వానిని తొలగించును. ముగింపు చెప్పకయే ఒక కంప్యూటరు ఆగిపోయినచో కొంతకాలము వేచి తొలగించును. మామూలు అమరికలో ఓపెన్‌బిఎస్‌డి ఇట్టి టిసిపి సంభాషణకు 24 గంటలు గడువిచ్చును. లినక్స్ 5 దినములు ఇచ్చును.

ఈ ఉపాయమువలన ఒక పర్యవసానము కలుగును. బయటి ప్రపంచమునకు ఇరువదిమంది విద్యార్థులును ఒక్కరుగానే కనబడుదురు. ఒక కంప్యూటరు చెడుప్రోగ్రాము బారిన పడి అక్రమముగా ప్రవర్తించినచో, దూరపు సంస్థ నిరోధించునది ఆ కంప్యూటరును కాదు, పాఠశాల చిరునామాను. అప్పుడు తక్కిన పందొమ్మిదిమంది పనియు ఆగిపోవును.

న్యాట్ గోడ కాదు

లోపలి చిరునామాలు బయటికి కనబడవు గనుక న్యాటే రక్షణ యని పలువురు తలంతురు. ఇది పొరపాటు. న్యాట్ చేయునది కవరు మీది వ్రాత మార్చుటయే. తలుపు మూయుట కాదు. పట్టికలో లేని ప్యాకెట్టు బయటినుండి వచ్చినచో అది గేట్‌వే కంప్యూటరునకే వచ్చినదని భావింపబడును. ఆ కంప్యూటరులో ఏదైన సేవ మేలుకొని వినుచున్నచో జవాబిచ్చును. అంతేకాదు. బయటి తీగను పంచుకొనుచున్న పొరుగు యంత్రమొకటి 192.168.50.23 అను చిరునామాను వ్రాసి ప్యాకెట్టును నేరుగా గేట్‌వేకు అందించినచో, ఫార్వర్డింగు మీట తెరచియున్న గేట్‌వే దానిని లోపలికి పంపివేయును.

వినుచున్న సేవల ప్రమాదమును ఇంటర్నెట్ 1988 నవంబరు 2న మొదటిసారి పెద్దయెత్తున చవిచూచినది. ఆ నాడు విడువబడిన ఒక ప్రోగ్రాము, యూనిక్స్ కంప్యూటర్లలో బయటివారి మాట వినుచుండిన సేవలలోని లోపములను ఆధారము చేసికొని, ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరునకు తనంతట తానే ప్రాకిపోయెను. 'మోరిస్ వర్మ్' అని దానికి పేరు.

కావున న్యాట్‌తోపాటు ఫైర్‌వాల్ అనబడు కాపలాదారు ఉండవలెను. ఫైర్‌వాల్ ప్రతి ప్యాకెట్టును నియమముల జాబితాతో పోల్చి, పోనిచ్చుటయో ఆపివేయుటయో నిర్ణయించును. ఓపెన్‌బిఎస్‌డిలో ఈ పని చేయునది 2001 నుండి ఉన్న పిఎఫ్. లినక్స్‌లో 2001లో ఐపీటేబుల్స్, 2014లో ఎన్ఎఫ్‌టేబుల్స్ వచ్చినవి. పాఠశాలకు కావలసిన మూలనియమములు మూడే. లోపలినుండి మొదలైన సంభాషణను పోనీయవలెను. దానికి జవాబుగా వచ్చినదానిని రానీయవలెను. బయటినుండి కొత్తగా మొదలైనదానిని ఆపవలెను. ఏది జవాబో, ఏది కొత్తదో తెలియుట ఎట్లు? ఫైర్‌వాల్ కూడ సంభాషణల పట్టికను ఉంచుకొనును గనుక తెలియును.

నియమముల వరుసను గూర్చి ఒక మెలకువ అవసరము. పిఎఫ్ జాబితాను చివరివరకు చదువును. సరిపోలిన నియమములలో చివరిది చెల్లును. ఐపీటేబుల్స్‌లో మొదట సరిపోలిన నిర్ణయమే చెల్లును. అందుచేత ఒకదానికి వ్రాసిన జాబితాను అదే వరుసలో రెండవదానికి ఎత్తివ్రాసినచో అర్థము తలక్రిందులగును.

నిర్మాణ క్రమము

మొదటి మెట్టు కార్డులను గుర్తించుట. ఒక కార్డు బయటి తీగకు. రెండవది లోపలి స్విచ్చికి. కంప్యూటరు వాటిని తనకు తోచిన పేర్లతో పిలుచును. ఒక తీగను ఊడదీసి, ఏ కార్డు సంబంధము తెగినదో తెరమీద చూచి, యంత్రము వెనుక 'బయట', 'లోపల' అని కాగితము అంటించుట మేలు. ఈ రెండును తారుమారైనచో తరువాత వ్రాయు నియమములన్నియు తప్పు దిక్కున కాపలా కాయును.

రెండవది చిరునామాలు అమర్చుట. బయటి కార్డునకు సంస్థ ఇచ్చిన పద్ధతి ననుసరింపవలెను. లోపలి కార్డునకు మారని చిరునామా ఇయ్యవలెను. పై ఉదాహరణములో అది 192.168.50.1. అందరు వాడు 192.168.1 వరుసను విడిచి 192.168.50 వరుసను తీసికొనుటకు కారణము కలదు. సంస్థవారి పెట్టె కూడ తన లోపలివైపు 192.168.1 వరుసనే వాడుచుండవచ్చును. రెండు వైపులను ఒకే వరుస ఉన్నచో, ప్యాకెట్టు ఎటు పోవలెనో గేట్‌వే తేల్చుకొనజాలదు.

మూడవది కాపలా నియమములను వ్రాసి అమలులో పెట్టుట. మొదట అన్నింటిని ఆపవలెను. పిదప కావలసినవానిని మాత్రము అనుమతింపవలెను. యంత్రమును దూరమునుండి సవరించుటకు వాడు ఎస్ఎస్‌హెచ్ సేవను లోపలివైపునకే పరిమితము చేయవలెను.

నాల్గవది న్యాట్ నియమము. అయిదవది, చివరిది, ఫార్వర్డింగు మీట. ఈ వరుసను తలక్రిందులు చేయువారు కలరు. ముందు మీట తెరచి, పుటలు వచ్చుట చూచి సంతోషించి, కాపలా సంగతి రేపు చూతమందురు. గట్టు వేయకమునుపే తూము ఎత్తిన రైతు పని వంటిది ఇది. ఇంటర్నెట్‌లో తెరచిన తలుపులను వెదకుచు తిరుగు ప్రోగ్రాములు రేయింబవళ్ళు పనిచేయుచుండును. అవి రేపటివరకు ఆగవు.

చేతితో మార్చిన మీట విద్యుత్తు పోయినంతనే మరల సున్న యగును. దానిని ప్రారంభపు అమరికల ఫైలులో వ్రాసినప్పుడే నిలుచును. అందుచేత పని పూర్తియైన పిమ్మట యంత్రమును ఒకసారి ఆపి మరల నడపి చూడవలెను. తనంతట తాను లేచి పనిచేసినదే గేట్‌వే.

పంపకము, పేర్ల వెదకులాట

ఇరువది కంప్యూటర్లలో చిరునామాలను ఒక్కొక్కటిగా చేతితో వ్రాయుట శ్రమ. పొరపాటున ఒకే చిరునామాను రెండింటికి ఇచ్చుట సులభము. ఈ చిక్కును తీర్చుటకు డిహెచ్‌సిపి అను సేవ కలదు. కొత్తగా లేచిన కంప్యూటరు "నాకు చిరునామా ఎవరిత్తురు?" అని నెట్‌వర్కులో కేక వేయును. గేట్‌వే ఆ కేకను విని, ఒక చిరునామాను కొంత గడువునకు అద్దె ఇచ్చినట్లు ఇచ్చును. దానితోపాటు గేట్‌వే ఎవరో, పేర్లు వెదకునది ఎవరో కూడ తెలుపును.

పేర్లు వెదకుట రెండవ సేవ. మనుష్యులు పేర్లతో పిలుతురు. ప్యాకెట్లకు అంకెలు కావలెను. పేరునకు అంకెను చెప్పు డిఎన్ఎస్ అను పద్ధతిని 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించెను. గేట్‌వేలో ఈ సేవను ఉంచినచో, ఒక విద్యార్థి అడిగిన పేరును అది కొంతసేపు జ్ఞాపకముంచుకొనును. మరియొకరు అడిగినప్పుడు బయటికి పోకయే జవాబిచ్చును. తరగతి అంతయు ఒకే పుటను తెరచునప్పుడు ఇది మిక్కిలి ఉపయోగము.

ఈ రెండు సేవలును లోపలి కార్డు మీదనే వినవలెను. డిహెచ్‌సిపి బయటివైపు వినినచో పొరుగువారికి తప్పు చిరునామాలు పంచును. డిఎన్ఎస్ బయటివైపు వినినచో ఇంకను చేటు. దుర్మార్గులు మరియొకరి చిరునామాను పంపినవారి చోట దొంగగా వ్రాసి చిన్న ప్రశ్న వేయుదురు. పెద్ద జవాబు ఆ అమాయకుని మీద పడును. ఇట్టి జవాబులు వేలకొలదిగా పడినచో అతని తీగ మూసికొనిపోవును. పాఠశాల యంత్రము తెలియకయే అన్యులను బాధించు సాధనమగును.

తప్పు ఎక్కడ ఉన్నదో కనుగొనుట

పని చేయనప్పుడు అన్నింటిని ఒకేసారి మార్చరాదు. లోపలి కంప్యూటరు నుండి మూడు పరీక్షలు వరుసగా చేయవలెను. మొదట 192.168.50.1ని పింగ్ చేసి పలుకరించవలెను. పలుకకున్నచో తప్పు తీగలోనో, స్విచ్చిలోనో, చిరునామాలోనో, లోపలివైపు కాపలా నియమములోనో ఉన్నది. పలికినచో, బయటి కంప్యూటరునొకదానిని అంకెలతో పలుకరించవలెను. గేట్‌వే నుండి పలికి, లోపలినుండి పలుకకున్నచో తప్పు ఫార్వర్డింగులోనో, న్యాట్‌లోనో, కాపలా నియమములలోనో ఉన్నది. అంకెలతో పలికి పేరుతో పలుకకున్నచో తప్పు డిఎన్ఎస్‌లోనే. గోడ ఎట్లున్నదో చూచుటకు, పాఠశాల నెట్‌వర్కులో లేని వేరొక చోటినుండి గేట్‌వే తలుపులను తట్టి చూడవలెను. తన యంత్రమును మాత్రమే ఇట్లు పరీక్షింపవలెను గాని ఇతరులవానిని కాదు.

ఒక్కొక్కప్పుడు ఈ పరీక్షలన్నియు నెగ్గినను ఒక వింత కనబడును. చిన్న పుటలు వచ్చును. పెద్ద పుటలు సగములో నిలిచిపోవును. దీని కారణము ప్యాకెట్టు కొలత. ఈథర్‌నెట్ తీగపై ఒక ప్యాకెట్టు 1500 బైట్ల వరకు ఉండవచ్చును. బయటి సంబంధము పిపిపిఓఇ అను పద్ధతిలో ఉన్నచో, ఆ పద్ధతి 8 బైట్లను తన గుర్తులకు వాడుకొనును; మిగులునది 1492. లోపలి కంప్యూటర్లకు ఈ సంగతి తెలియదు. "ప్యాకెట్టు పెద్దది, తగ్గింపుము" అని దారిలోని యంత్రములు తెలుపు సందేశములను ఎవరైనను అతిజాగ్రత్తతో ఆపివేసినచో, పెద్ద ప్యాకెట్లు చప్పుడులేక మాయమగును. విరుగుడు సులభము. సంభాషణ ఆరంభమున రెండు కంప్యూటర్లును తాము అందుకొనగల టిసిపి ముక్క కొలతను చెప్పుకొనును. శీర్షికలకు 40 బైట్లు పోగా అది 1460. గేట్‌వే దానిని 1452గా దిద్దునట్లు అమర్చవలెను. అన్ని నియంత్రణ సందేశములను గుడ్డిగా ఆపరాదన్న పాఠము కూడ దీనివలన తెలియును.

కరవు తీరిన తరువాత

చిరునామాల కరవునకు అసలైన మందు ఆరవ కూర్పు, అనగా ఐపివి6. దాని నియమములు మొదట 1995లో వెలువడి, 2017లో పూర్తి ప్రమాణముగ స్థిరపడెను. అందు చిరునామాకు 128 బిట్లు. మొత్తము చిరునామాల సంఖ్యను వ్రాయుటకు 39 అంకెలు కావలెను. అప్పుడు పాఠశాలలోని ప్రతి కంప్యూటరునకు ప్రపంచమంతట చెల్లు సొంత చిరునామా ఉండవచ్చును. వార్డెను పుస్తకము అక్కరలేదు.

అయితే కాపలాదారు అక్కర మరింత పెరుగును. న్యాట్ అను తెర తొలగినప్పుడు కాపలా లేని యంత్రము వీధిలో నిలిచినట్లే. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగును. ఐపీటేబుల్స్ అను లినక్స్ పనిముట్టు ఐపివి4ను మాత్రమే కాయును. ఐపివి6కు వేరొక జాబితా కావలెను. సంస్థ ఒకనాడు ఐపివి6ను కూడ ఇచ్చుట మొదలిడినప్పుడు, దానిని లోపలికి పంపునట్లు అమర్చి రెండవ జాబితాను వ్రాయనివారు ముందు తలుపునకు తాళము వేసి పెరటి తలుపును మరచినవారగుదురు. పిఎఫ్, ఎన్ఎఫ్‌టేబుల్స్ రెండింటిని ఒకే జాబితాలో కాయగలవు.

పాత కంప్యూటరు చిన్న పెట్టెకంటె ఎక్కువ విద్యుత్తును తినును. ఎక్కువ చోటును ఆక్రమించును. అయినను పాఠశాలలో దానికొక ప్రయోజనము కలదు. పెట్టెలో మూసియున్న పనినంతయు అది విప్పి చూపును. తెరమీద న్యాట్ పట్టికను తెరచినచో, ఏ కంప్యూటరు ఏ దూరపు చిరునామాతో సంభాషించుచున్నదో విద్యార్థి కన్నులార చూడవచ్చును. అదే సమయమున ఉపాధ్యాయుడు ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. ఎవరెవరు ఎచటికి పోవుచున్నారో ద్వారము వద్ద నిలిచినవానికి తెలియును. సంభాషణలోని విషయము రహస్యలిపిలో ఉండవచ్చును గాని, గమ్యము కనబడును. కావున గేట్‌వేను కాచువాడు యంత్రమును సరిదిద్దుటకు కావలసినంతవరకే ఆ పట్టికను చూడవలెను. అందు కనబడినదానిని ఇతరులకు చెప్పరాదు. ఉత్తరములు వార్డెను చేతిమీదుగ పోవును గాని, వాటిని విప్పి చదువు హక్కు వార్డెనుకు లేదు.